ఫోన్ రాని సోమవారం

మా ఆఫీసుకి అసలు పేరొకటి ఉండేది. బోర్డు మీద రెండు వరుసల్లో రాశారు కూడా. ఎవరూ చదివేవాళ్లు కాదు. వీధి మొత్తానికీ అది తుమ్ముల ఆఫీసు. మా అమ్మ చుట్టాల ముందు "మా అమ్మాయి ఆరోగ్యశాఖలో లెక్కలు చూస్తుంది" అని గొప్పగా చెప్పేది. వాళ్లు గడప దాటగానే నావైపు తిరిగి, "జనం తుమ్ముతుంటే లెక్కపెట్టడానికి జీతం కూడానా!" అని బుగ్గలు నొక్కుకునేది.

చెప్పుకుంటే చిన్న పనే. చలికాలం మొదలవగానే మా ప్రాంతంలోని ఇరవై మూడు క్లినిక్కులు ప్రతి సోమవారం పొద్దున పదింటికల్లా మాకు ఫోన్ చేయాలి. పోయిన వారం ఎంతమంది వచ్చారు, అందులో జ్వరమూ దగ్గూ కలిసి ఉన్నవాళ్లెందరు, వాళ్లలో పసిపిల్లలెందరు, బడిపిల్లలెందరు, పెద్దలెందరు, అరవై అయిదు దాటినవాళ్లెందరు. నేను వాటిని స్కేలు పెట్టి గీసిన గడుల్లో రాసి, కూడి, పన్నెండు లోపు రాజధానిలోని పై ఆఫీసుకి ఫ్యాక్స్ చేయాలి. దేశం నలుమూలల నుంచీ అలాంటి కాగితాలే అక్కడికి చేరతాయి. గురువారానికల్లా నాలుగు పేజీల బులెటిన్ అచ్చయి మాకూ, క్లినిక్కులకూ పోస్టులో వస్తుంది. అందులో దేశపటం ఉంటుంది. ఫ్లూ లేనిచోట తెలుపు, కొద్దిగా ఉంటే పసుపు, పెరిగితే నారింజ, బాగా ముదిరితే ఎరుపు. ఆ పటంలో మా ప్రాంతం నా బొటనవేలి గోరంత ఉండేది. ఆ గోటికి రంగు వేసేది నేనేనని లోలోపల నాకు మహా పొగరు.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్లు. ఇప్పుడు అరవై మూడు. ఆ గది మాత్రం కళ్లు మూసుకుంటే చాలు, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. తలుపు తీయగానే కార్బన్ కాగితాల వాసన. కిటికీ పక్కన గోడనిండా పటం, దానికి గుచ్చిన రంగురంగుల గుండుసూదులు. ఎదురుగోడకి గ్రాఫు కాగితం. ఒక్కో ఏటి ఫ్లూకి ఒక్కో రంగు గీత. అన్నీ కొండలాగే పైకెక్కి దిగుతాయి, ఏ రెండూ ఒకచోట ఎక్కవు. మధ్యలో నల్ల టెలిఫోను. దాని చుట్ట తీగని నేను మాట్లాడుతూ మాట్లాడుతూ వేలికి చుట్టుకుని, చుట్టుకుని, చివరికి చిక్కుముడి చేసిపెట్టేదాన్ని. ఇప్పుడు అలాంటి ఫోను ఎక్కడైనా కనిపిస్తే వేలు దానంతటదే ముందుకు పోతుంది.

మా పైఅధికారిని అందరం పెద్దాయన అనేవాళ్లం. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గంట. చేరిన మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పారు.

"అమ్మాయ్, ఫోన్లో ఏ అంకె విన్నా పైకి తిరిగి చెప్పు. అవతలివాళ్లు అవునన్నాకే రాయి. రాసింది దిద్దాల్సి వస్తే చెరపకు. పాత అంకె కనపడేలా అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్తది రాసి సంతకం పెట్టు. మూడోది ముఖ్యం. ఫోన్ రాకపోతే ఆ గడిలో సున్నా పెట్టకు. చిన్న గీత పెట్టు."

"రెండూ ఒకటే కదా సార్?" అన్నాను, తెలివి ఎక్కువై.

"సున్నా అంటే ఎవరికీ జ్వరం లేదని. గీత అంటే మనకి తెలియదని. తెలియకపోతే సాయంత్రంలోగా మనిషి వెళ్లి తెలుసుకు రావాలి. గీత పెట్టినవాళ్లే వెళ్లాలి."

ఆ చివరి మాటే నాకు మింగుడుపడేది కాదు. ఒక్క గీతకి పూట మొత్తం బస్సుల్లో పోయేది. అందుకే ఎవరైనా ఫోన్ చేయకపోతే నేనే చేసి, చేసి, వాళ్ల ప్రాణం తీసి అంకె రాబట్టేదాన్ని.

ఆ ఇరవై మూడు క్లినిక్కుల్లో ఒకదాన్ని నేనెప్పుడూ వెంటాడాల్సి రాలేదు. పదికి అయిదు నిమిషాలుందనగా ఫోన్ మోగితే చూడకుండానే చెప్పేదాన్ని, సోమవారం అక్క అని. ఊరి చివర ఒక్క డాక్టరు నడిపే క్లినిక్కులో ఆవిడ నర్సు. నాకన్నా పదేళ్లు పెద్ద. మొహం ఎలా ఉంటుందో తెలియదు, గొంతు మాత్రం నా సొంత అక్కకన్నా బాగా తెలుసు. అంకెలు చెప్పడం ఒక నిమిషం, మిగతా పది నిమిషాలు కబుర్లు. ఆవిడా వాళ్ల అమ్మా క్లినిక్కు పైనే రెండు గదుల్లో ఉండేవాళ్లు.

"మా అమ్మకి నేను నర్సునని నమ్మకమే లేదే. నేను మందిస్తే వాసన చూసి, డాక్టరుగారు చెప్పారా అని అడుగుతుంది," అనేది అక్క. వెనకనుంచి ఆ ముసలావిడ, "ఎవరితోనే అంతసేపు? ఆ తుమ్ముల పిల్లేనా? ఈ ఆదివారం రమ్మను, మొహమైనా చూద్దాం," అనడం నాకు వినిపించేది. వస్తాను పెద్దమ్మా అని ప్రతి వారం అరిచేదాన్ని. ప్రతి ఆదివారం ఏదో ఒక పని తగిలేది.

ఆ ఏడాది కొండ అందరూ అనుకున్నదానికన్నా మూడు వారాల ముందే లేచింది. గుండుసూదులు పసుపు నుంచి నారింజకి, నారింజ నుంచి ఎరుపుకి పరుగులు తీశాయి. చివరికి పెద్దాయనకే జ్వరం తగులుకుని సెలవు పెట్టారు. ఆ సోమవారం గదిలో నేనొక్కదాన్నే.

పదయింది. అక్క ఫోన్ రాలేదు. పదింబావుకి నేనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పదకొండింటికి మళ్లీ చేశాను. అదే తీరు. మిగతా ఇరవై రెండు గడులూ నిండాయి. ఆ ఒక్కటే తెల్లమొహం వేసుకుని చూస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆటకి నేను సినిమాకి వెళ్లాలి. ఒంటరిగా కాదు. పక్క ఆఫీసులో టైపు చేసే అతను ఆర్నెల్లు తటపటాయించి టిక్కెట్లు తెచ్చాడు. గీత పెడితే నేను బస్సెక్కాలి. సినిమా పోతుంది. ఆ మనిషి మళ్లీ అడగడానికి ఇంకో ఆర్నెల్లు పట్టేలా ఉన్నాడు. అక్క ఎప్పుడూ మర్చిపోయే మనిషి కాదు, చెప్పడానికేం ఉండి ఉండదులే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గుండ్రంగా, అందంగా సున్నా పెట్టాను. కాగితం ఫ్యాక్స్‌లో పెట్టి, జడ సర్దుకుని వెళ్లిపోయాను.

బుధవారం పెద్దాయన మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చారు. నా కాగితం మీద ఆయన వేలు పైనుంచి కిందికి జారి, ఆ గడి దగ్గర ఆగింది.

"ఈ సున్నా ఎవరు చెప్పారు?"

నేను పటం మీద గుండుసూదులు సర్దబోయాను.

"చుట్టుపక్కల నాలుగు క్లినిక్కుల్లో ముప్పై, నలభై. వానకి వీధంతా తడిసి మధ్యలో ఒక్క ఇల్లు పొడిగా ఉందా? ఎవరు చెప్పారమ్మాయ్?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఫోన్ రాలేదు."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. పై ఆఫీసుకి ఫోన్ చేశారు. బులెటిన్ అప్పటికే ప్రెస్సుకి వెళ్లిపోయింది, సవరణ వచ్చే వారం వేస్తామన్నారు. ఫోన్ పెట్టేసి నా సంచీ తీసి నా చేతికే ఇచ్చారు.

బస్సులో నలభై నిమిషాలు. క్లినిక్కు ముందు జనం మెట్లదాకా ఉన్నారు. ఒకళ్లు దగ్గితే పదిమంది అందుకుంటున్నారు. లోపల డాక్టరు కళ్లు పీక్కుపోయి, స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండానే నాతో మాట్లాడాడు. "ఆవిడ శనివారం మధ్యాహ్నం నుంచి కిందికి దిగలేదమ్మా. జ్వరమంది. మాత్రలు పంపించాను. పైకెక్కి చూద్దామంటే ఊపిరి సలపడం లేదు. ఫోనా? ఫోను ఎత్తేది ఆవిడే."

పక్కనుంచి సన్నటి మెట్లు. పంతొమ్మిది. ఎక్కినప్పుడు లెక్కపెట్టాను, ఎందుకో నాకే తెలియదు. తలుపు దగ్గరకి వేసి ఉంది. సోమవారం అక్క మొహం నేను మొదటిసారి చూసింది అప్పుడే. మంచం మీద లేవబోయి లేవలేక, పెదాలు ఎండిపోయి, నా గొంతు వినగానే గుర్తుపట్టి, "లెక్క చెప్పలేదు కదూ... రిజిస్టరు కింద ఉంది... సొరుగులో," అంది. పక్క మంచం మీద వాళ్ల అమ్మ. ఆవిడ ఊపిరి గది బయటికే వినిపిస్తోంది. ఎలా కిందికి దూకానో, డాక్టరు బల్లమీది ఫోను ఎలా లాక్కున్నానో గుర్తులేదు. అంబులెన్సు వచ్చింది.

అక్క పదిరోజులకి లేచి కూర్చుంది. పెద్దమ్మ శుక్రవారమే పోయింది. ఆస్పత్రి వరండాలో ఒక డాక్టరు చీటీ రాస్తూ, తలెత్తకుండా, "రెండు రోజులు ముందు తెచ్చుంటే ఏమైనా చేయగలిగేవాళ్లం," అన్నాడు. నాతోనే అన్నాడో, పక్కనున్న నర్సుతో అన్నాడో. మేం తెచ్చింది బుధవారం. రెండు రోజుల ముందంటే సోమవారం.

నేను క్లినిక్కుకి వెళ్లి సొరుగులోంచి రిజిస్టరు తీసి ఒక్కో పేరూ లెక్కపెట్టాను. నలభై ఒకటి. సున్నాకి అడ్డంగా గీత కొట్టి, నలభై ఒకటి రాసి, సంతకం పెట్టాను. ఆ గురువారం అచ్చయి వచ్చిన పటంలో మాత్రం మా గోరు ఒక మెట్టు తగ్గి నారింజ రంగులో ఉంది. చుట్టూ ఎరుపు.

నా సున్నా సంగతి అక్కకి చెప్పలేదు. రేపు చెప్తాను, ఆవిడ కాస్త కోలుకోనీ అనుకున్నాను. తర్వాత సంవత్సరీకం అవనీ అనుకున్నాను. తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ఏడాదంతా అక్క ఫోన్లో అంకెలు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. దుఃఖమనుకున్నాను. ఆ తర్వాత ఒక సోమవారం, "నీ గొంతేంటి అలా ఉంది, జలుబా? నిన్ను కూడా లెక్కలో వేసుకోనా?" అని నవ్వింది. నేను ఫోన్ పెట్టేసి బల్లమీద తల వాల్చి ఏడ్చాను.

టైపు చేసే అతన్నే చేసుకున్నాను. ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తూంటుంది. వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోతాను. ఆ రోజు హాల్లో తను నా చెయ్యి పట్టుకున్నందుకు నాకింకా సిగ్గని మా ఆయన ముసిముసిగా నవ్వుకుంటాడు. ఆ నవ్వు చెడగొట్టడం నావల్ల కాలేదు.

కాలం ఎవరికోసం ఆగుతుంది? పెద్దాయన వెళ్లిపోయారు. ఫ్యాక్స్ పోయింది. క్లినిక్కులు కంప్యూటర్లో కొడితే అంకెలు నేరుగా పైకి పోవడం మొదలైంది. మా దగ్గర ఫోన్ మోగడం మానేసింది. మంచిదే, తప్పులు తగ్గాయి. కానీ ఇరవై మూడు గొంతులు ఒక్కసారిగా ఆగిపోతే ఆ గదిలో కూర్చోవడం నాకు ఎంత కష్టమైందో ఎవరికి చెప్పను? ఒక్క సోమవారం అక్క మాత్రం మానలేదు. తను రిటైరయ్యాకా మానలేదు, నేను రిటైరయ్యాకా మానలేదు. పదికి అయిదు నిమిషాలకి ఇంటికి ఫోన్ చేస్తుంది. "జ్వరం లేదు. దగ్గు కొంచెం. వయసు నువ్వు అడగకూడదు," అంటుంది. నేను తిరిగి చెప్తాను. అలవాటు.

పోయిన నెల, ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఆఫీసు కొత్త బిల్డింగుకి మారుస్తున్నాం. పాత కాగితాలన్నీ పారేస్తారట. అన్నీ మీ చేతిరాతే. ఏమైనా కావాలా?"

వెళ్లాను. గోడమీద పటం లేదు. గుండుసూదుల కన్నాలు మాత్రం ఉన్నాయి, మా ఇరవై మూడు క్లినిక్కులూ ఎక్కడివక్కడే. దుమ్ములో ఒక పూటంతా వెతికి ఆ ఏటి కట్ట తీశాను. ఆ వారం కాగితం పసుపెక్కింది, సున్నా మీద గీత మాత్రం నిన్న కొట్టినట్టే ఉంది. మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఇది ఆవిడకి చూపించకుండా నేను పోతే నాకంటే పిరికిది ఉండదు అనుకున్నాను. చూపిస్తే ఆ సోమవారం ఫోన్ ఇక మోగకపోవచ్చు. ఆ భయంతోనే మూడు సోమవారాలు ఫోన్లో ఏమీ అనలేకపోయాను. నాలుగో సోమవారం ఆవిడ ఫోన్ చేసేలోపే బస్సెక్కాను.

కింద క్లినిక్కు ఉన్నచోట ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణం. మెట్లు అవే పంతొమ్మిది. నా మోకాళ్లకి అవి ముప్పై.

తలుపు తీసిన అక్క చేతిలో ఫోను ఉంది. "ఏమే, నువ్వు ఎత్తడం లేదని కంగారుపడి చస్తున్నాను. ఇంకో అయిదు నిమిషాలైతే నేనే బయల్దేరేదాన్ని," అంది. డెబ్బైమూడేళ్ల మనిషి. చెప్పులు అప్పటికే గుమ్మం దగ్గర పెట్టుకుంది.

నేను కూర్చోలేదు. కాగితం విప్పి బల్లమీద పరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలా అని దారంతా అల్లుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఆ సోమవారం నీ ఫోన్ రాలేదక్కా. నేను రావాలి. రాలేదు. సినిమాకి పోయాను. సున్నా పెట్టేసి పోయాను. వచ్చి ఉంటే పెద్దమ్మ..."

అక్క కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసింది. చాలాసేపు చూసింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"బులెటిన్ క్లినిక్కుకి కూడా వచ్చేది కాదటే? ఆస్పత్రి నుంచి వచ్చాక టపా అంతా చూశాను. సవరణ అని చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. మన ప్రాంతం పేరు వేసి, ఒక క్లినిక్కు నుంచి సమాచారం రాకున్నా సున్నాగా నమోదైంది అని. మన దగ్గర ఫోన్ చేయనిది నేను కాక ఎవరు? రాసేది నువ్వు కాక ఎవరు?"

"మరి ఇన్నేళ్లూ..."

"నువ్వే చెప్తావని చూశాను. ఆ మొదటేడు నీతో లెక్క తప్ప మాట్లాడానా? గుర్తులేదూ? కోపం, దుఃఖం ఏది ఏదో నాకే తెలిసేది కాదు. ఆ తర్వాత సోమవారం సోమవారం నీ గొంతు వినీ వినీ... కోపం పోయిందనను. అరిగింది."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. నాకు అదే న్యాయమనిపించింది. కుర్చీ లాగి కూర్చుని కాగితం మీద వేలు పెట్టింది.

"సరే. నువ్వు గీతే పెట్టావనుకో. వచ్చి లెక్కపెట్టావు. నలభై ఒకటి. అరవై అయిదు దాటినవాళ్లు ఎంత వేశావు?"

"ముగ్గురు."

"ఆ ముగ్గురిలో మా అమ్మ ఉందా?"

రిజిస్టరు నా కళ్ల ముందు తిరిగింది. ఆ ముగ్గురి పేర్లూ గుర్తులేవు, కానీ పెద్దమ్మ పేరు అందులో చూసిన గుర్తు అసలే లేదు. క్లినిక్కుకి వచ్చినవాళ్లనే రాయాలి. అది రూలు. ఆవిడ ఆ పంతొమ్మిది మెట్లూ దిగి రాలేదు.

"లేదు," అన్నాను.

"ఆస్పత్రివాళ్లు చీటీలో గుండె ఆగి అని రాశారు. కాబట్టి ఫ్లూతో పోయినవాళ్ల లెక్కలోనూ లేదు. కింద లేదు, పైన లేదు, నీ పటంలో లేదు. శుక్రవారం నుంచే అమ్మకి ఒళ్లు కాలుతోందే. శనివారం పొద్దున రిజిస్టరు నా చేతుల్లోనే ఉంది. మా అమ్మని రాయాలని నాకే తోచలేదు. ఇంట్లో మనిషి కదా అనుకున్నాను. రాసి ఉంటే డాక్టరు సాయంత్రం పేర్లు చూసుకునేటప్పుడు పైకొచ్చేవాడు." ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "నీ సినిమా ఒక్కటే అనుకుంటున్నావా?"

కింద దుకాణంలో ఎవరో అక్షరాలు చదువుతున్నారు, కళ్ల డాక్టరు ఇంకా కింది వరుస, ఇంకా కింది వరుస అంటున్నాడు.

"పెన్ను ఉందా?" అంది అక్క.

సంచీలోంచి తీసిచ్చాను. ఆవిడ తీసుకోలేదు. "నువ్వు రాయి. నేను చెప్తాను," అని, గొంతు సవరించుకుని, గోడవైపు తిరిగి, ఫోన్లో మాట్లాడినట్టే మొదలుపెట్టింది. "మొత్తం నలభై రెండు."

"నలభై రెండు," అన్నాను. నలభై ఒకటికి అడ్డంగా గీత కొట్టి, పక్కన రాసి, సంతకం పెట్టాను.

"అరవై అయిదు దాటినవాళ్లు నలుగురు."

"నలుగురు," అన్నాను.

"అవును," అంది సోమవారం అక్క. "ఇప్పుడు రాయి."